గార్డెన్ గ్రోవ్ గాజు మందిరం: సంఘ చరిత్ర, భవనాల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజలెస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఆరెంజ్ కౌంటీలో గార్డెన్ గ్రోవ్ అనే శివారు పట్టణం ఉంది. డిస్నీలాండ్‌కు వెళ్లే తెలుగు కుటుంబాల్లో చాలామంది అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో ఎండలో తళతళలాడే ఒక పెద్ద గాజు కట్టడాన్ని చూసే ఉంటారు. క్రిస్టల్ కథెడ్రల్ అనే పేరుతో లోకానికి తెలిసిన ఆ మందిరం ఎలా వచ్చింది, దాన్ని కట్టుకున్న సంఘం ఏమైంది, ఇప్పుడు అది ఎవరిది అని అడిగేవారు ఎక్కువ. ఆ ప్రశ్నలకు సాధ్యమైనంత వివరంగా ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ఈ సంఘం ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా మొదలైంది?

1955లో, రాబర్ట్ షూలర్ అనే యువ కాపరి చేతుల మీదుగా మొదలైంది. ఆయన 1926లో ఐయోవా రాష్ట్రంలోని ఆల్టన్ అనే పల్లెటూరిలో డచ్చి మూలాలున్న రైతు కుటుంబంలో పుట్టారు. రిఫార్మ్‌డ్ చర్చ్ ఇన్ అమెరికా అనే ప్రొటెస్టంట్ శాఖకు చెందిన వేదాంత కళాశాలలో 1950లో చదువు ముగించి, షికాగో దగ్గర ఒక చిన్న సంఘానికి అయిదేళ్లు కాపరిగా పనిచేశారు. కాలిఫోర్నియాలో కొత్త సంఘాన్ని స్థాపించమని ఆ శాఖవారు ఆయనను పంపినప్పుడు చేతికిచ్చిన సొమ్ము 500 డాలర్లు. మందిరం లేదు, స్థలం లేదు, పేరు నమోదు చేసుకున్న సభ్యులు కూడా లేరు. ఆయన భార్య అర్వెల్లా ఆర్గన్ వాయించగలరు; దంపతులిద్దరూ పిల్లలతో కలిసి కారులో పడమటి తీరానికి బయలుదేరారు.

మొదటి ఆరాధన సినిమా ఆవరణలో ఎందుకు జరిగింది?

అద్దెకు చోటు దొరకలేదు గనుక. షూలర్ ఊరంతా తిరిగి పాఠశాల భవనాలు, సమావేశ మందిరాలు, ఇతర సంఘాల గదులు అన్నీ విచారించారు. కొన్ని అప్పటికే ఇతరుల వాడకంలో ఉన్నాయి, కొన్నిటిని ఇవ్వడానికి యజమానులు ఒప్పుకోలేదు. ఆయన రాసుకున్న జాబితాలో చివరికి మిగిలినది ఆరెంజ్ డ్రైవ్-ఇన్ థియేటర్. తెలుగునాట డ్రైవ్-ఇన్ అనే మాటకు హోటల్ గుర్తుకు రావచ్చు కాబట్టి కొంత వివరించాలి. ఇది ఆరుబయట సినిమా చూపే ఆవరణ. ఎదురుగా గోడంత తెర ఉంటుంది. దాని ముందు కార్లు వరుసలుగా నిలిపి, జనం కార్లలోనే కూర్చుని సినిమా చూస్తారు. ప్రతి కారుకూ పక్కన ఒక స్తంభం, ఆ స్తంభానికి తీగతో వేలాడే చిన్న స్పీకరు ఉంటాయి. దాన్ని తీసి కారు కిటికీ అద్దానికి తగిలించుకుంటే మాట లోపలికి వినిపిస్తుంది. సినిమా రాత్రిపూట మాత్రమే ఆడుతుంది కాబట్టి ఆదివారం ఉదయం ఆ ఆవరణ ఖాళీగా ఉండేది.

1955 మార్చి 27న షూలర్ ఆ ఆవరణలోని చిరుతిళ్ల అంగడి పైకప్పు ఎక్కి, తారు కాగితం పరిచిన ఆ డాబా మీద నిలబడి మొదటి ప్రసంగం చేశారు. ఆయన గొంతు వరుసలుగా ఆగిన కార్ల కిటికీలకు వేలాడుతున్న ఆ చిన్న స్పీకర్లలో వినిపించింది. మొత్తం మీద వందమంది వరకు వచ్చారు. ఉన్నవారు ఉన్నట్టుగానే తమ కుటుంబపు కారులో వచ్చి ఆరాధించవచ్చన్నది ఆయన పత్రికా ప్రకటనల సారాంశం.

దీన్ని అప్పట్లోనే వెక్కిరించినవారు ఉన్నారు. సినిమా ఆడిన చోట దేవుని వాక్యం చెప్పడమేమిటని తోటి కాపరులు కొందరు ఆక్షేపించారు. నా అభిప్రాయంలో ఆ ఆక్షేపణకు బలం లేదు. మన పల్లెల్లో ఎన్నో సంఘాలు చింతచెట్టు కింద, పశువుల కొట్టం పక్కన, తాటాకు పందిరిలో మొదలయ్యాయి. ఎక్కడ మొదలైందన్న కారణంతో వాటిని ఎవరూ తక్కువగా చూడరు.

అంత త్వరగా సంఘం పెరగడానికి కారణం ఏమిటి?

కాపరి ప్రతిభ ఒక కారణం, కానీ ఆ ఊరి పెరుగుదలను చూడకుండా సంఘం పెరుగుదల అర్థం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆరెంజ్ కౌంటీలోని నారింజ తోటలు ఒకటొకటిగా ఇళ్ల స్థలాలుగా మారాయి. 1950 జనాభా లెక్కల్లో ఆ కౌంటీ జనాభా సుమారు 2,16,000. 1960 నాటికి 7,03,000 దాటింది. 1970 నాటికి 14 లక్షలు మించింది. డిస్నీలాండ్ ఆ పక్కనే 1955 జులై 17న తెరుచుకుంది. గార్డెన్ గ్రోవ్ 1956లో నగర హోదా పొందింది. ఇరవై ఏళ్లలో ఆరు రెట్లకు పైగా పెరిగిన ఆ ప్రాంతానికి వచ్చినవారిలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు. వారు వదిలివచ్చిన ఊళ్లలో తాతల నాటి మందిరం ఉండేది, ఇక్కడ లేదు. కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం, కొత్త బడి సరే. ఆదివారం ఎక్కడికి వెళ్లాలన్నది వారికి నిజమైన ప్రశ్న. ఏ పని మీద బయటికి వెళ్లినా కారులోనే వెళ్లే ఆ జనానికి కారు దిగనక్కర్లేని ఆరాధన విడ్డూరంగా తోచలేదు.

1957లో న్యూయార్క్‌కు చెందిన ప్రసిద్ధ ప్రసంగీకుడు నార్మన్ విన్సెంట్ పీల్ ఆ సినిమా ఆవరణకు వచ్చి ప్రసంగించారు. అప్పటికి పీల్ పేరు అమెరికా అంతటా మార్మోగుతోంది. ఆయన వచ్చిన ఆదివారం ఆవరణ కార్లతో నిండిపోయింది. ఆశావహంగా ఆలోచించాలనే పీల్ బోధనా ధోరణి షూలర్ మీద శాశ్వతమైన ముద్ర వేసింది.

సొంత మందిరం కట్టుకున్నాక కూడా కార్లలో ఆరాధన ఎందుకు మానలేదు?

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే సంగతి ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

సంఘం రెండేళ్లలోపే గార్డెన్ గ్రోవ్‌లో ఒక చిన్న మందిరం కట్టుకుంది. మామూలుగా అయితే ఆ రోజుతో సినిమా ఆవరణ కథ ముగిసిపోవాలి. అయితే కార్లలో వచ్చేవారిలో పక్షవాతంతో కదలలేని ఒక స్త్రీ ఉండేది. భర్త ఆమెను ఎత్తి కారులో కూర్చోబెట్టి ప్రతి ఆదివారం తీసుకొచ్చేవాడు. మెట్లెక్కి, బల్లల మధ్య నడిచి, మందిరంలో కూర్చోవడం ఆమెకు సాధ్యం కాదు. మందిరం కట్టామని కార్ల ఆరాధన ఆపితే ఆమెకు చోటుండదు. అందుకని షూలర్ ఆదివారం ఉదయం మందిరంలో ఒక ఆరాధన నడిపి, వెంటనే కారెక్కి సినిమా ఆవరణకు పోయి మరో ఆరాధన నడిపేవారు. ఇలా రెండు చోట్లా ఏళ్ల తరబడి నడిపి అలసిన తరువాత, లోపల కూర్చున్నవారికీ బయట కార్లలో ఉన్నవారికీ ఒకే సమయంలో ఒకే ఆరాధన జరిగే మందిరం ఒకటి కట్టాలన్న ఆలోచన ఆయనకు కలిగింది. సంఘంలో కొందరు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, కొందరు విడిచి వెళ్లిపోయారు కూడా. అయినా ఆ తరువాత కట్టిన పెద్ద కట్టడాలు రెండింటి రూపాన్నీ ఈ ఒక్క ఆలోచనే నిర్ణయించింది. గాజు తళుకు, ఎత్తు, కీర్తి వంటివన్నీ తరువాత చేరినవి. తలుపు ఎటు తెరుచుకోవాలన్నది మాత్రం కారు దిగలేని ఆ స్త్రీని దృష్టిలో పెట్టుకుని తేల్చినది.

1961 నాటి మందిరాన్ని ఎవరు కట్టారు? దాని ప్రత్యేకత ఏమిటి?

రిచర్డ్ న్యూట్రా. వియన్నాలో పుట్టి, లాస్ ఏంజలెస్‌లో స్థిరపడిన ఈ వాస్తుశిల్పి ఆధునిక గృహ నిర్మాణంలో అప్పటికే జగత్ప్రసిద్ధుడు. ఒక శివారు ఊరి కొత్త సంఘం అంతటి శిల్పిని పిలవడం సాహసమే. నడిచి వచ్చేవారికీ కారులో వచ్చేవారికీ ఒకటే మందిరం కావాలన్న కోరికను ఆయన చిన్నచూపు చూడలేదు, దాన్నే నిర్మాణ సూత్రంగా తీసుకున్నారు.

1961 నవంబరులో ప్రతిష్ఠించిన ఆ మందిరం పొడవాటి దీర్ఘచతురస్రం. ఉక్కు స్తంభాలు, రాతి గోడ, ఒక పక్క నిలువెత్తు గాజు. ఆరాధన మొదలయ్యే వేళకు వేదిక దగ్గరున్న గాజు గోడ పక్కకు జరిగి తెరుచుకునేది. కాపరి ప్రసంగ వేదిక నుంచి నాలుగడుగులు వేస్తే బయటి అరుగు మీదికి వచ్చేవారు. ఒక పక్క బల్లల్లో కూర్చున్న సంఘం, మరో పక్క కార్లలో కూర్చున్న సంఘం, రెండూ ఆయనకు కనిపించేవి. గాజు గోడ వెంట నీటి తొట్టి, అందులో పన్నెండుగురు అపొస్తలులకు గుర్తుగా పన్నెండు ఫౌంటెన్లు ఉండేవి. ఆరాధన ప్రారంభంలో అవి ఎగజిమ్మేవి. ప్రసంగం మొదలయ్యేటప్పటికి ఆగిపోయేవి. ఇవాళ దీన్ని ఆర్బొరేటం అని పిలుస్తున్నారు. తరువాత వచ్చిన గాజు మందిరం ముందు ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఆ ఆవరణలోని కట్టడాలన్నిటిలోనూ అవసరానికి అత్యంత నిజాయితీగా కట్టినది ఇదేనని నేను నమ్ముతాను.

ఎత్తయిన సిలువ ఉన్న భవనం ఏమిటి?

అది టవర్ ఆఫ్ హోప్, అంటే ఆశా గోపురం. రిచర్డ్ న్యూట్రా తన కుమారుడు డియోన్‌తో కలిసి రూపొందించిన ఈ 13 అంతస్తుల భవనం 1968లో పూర్తయింది. పైన 90 అడుగుల సిలువ ఉంది. రాత్రిపూట దీపాలతో దూరపు రహదారుల నుంచి కూడా కనిపిస్తుంది. కార్యాలయాలు, బైబిలు తరగతులు, పైభాగంలో చిన్న ప్రార్థనాలయం ఇందులో ఉండేవి. ఇక్కడి నుంచే రాత్రింబవళ్లు పనిచేసే ఫోన్ సలహా సేవను ప్రారంభించారు. ఆత్మహత్య తలంపులతో, ఒంటరితనంతో ఉన్నవారు ఏ వేళలోనైనా ఫోన్ చేస్తే శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు మాట్లాడేవారు. పొరుగువాడి పేరు కూడా తెలియని కొత్త శివారుల్లో ఆ సేవ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

టెలివిజన్ కార్యక్రమం ఎప్పుడు మొదలైంది?

1970లో. అంతకు ముందు సంవత్సరం పక్కనే ఉన్న ఆనహైమ్‌లో సువార్త సభలు జరిపిన బిల్లీ గ్రహాం, ఆరాధనను టీవీలో ప్రసారం చేయమని షూలర్‌ను ప్రోత్సహించారు. అవర్ ఆఫ్ పవర్ అనే ఆ వారపు కార్యక్రమం క్రమంగా అనేక దేశాలకు చేరింది. దీనితో గార్డెన్ గ్రోవ్‌లో ఎన్నడూ అడుగుపెట్టనివారు కూడా కానుకలు పంపసాగారు. భవనాల చరిత్రకు ఇది పెద్ద మలుపు, ఎందుకంటే ఇక్కడి నుంచి మందిరపు ఖర్చు స్థానిక సభ్యుల శక్తి మీద కాక, దూరంగా ఉన్న ప్రేక్షకుల ఆదరణ మీద ఆధారపడింది.

పూర్తిగా గాజుతో కట్టాలన్న ఆలోచన ఎవరిది?

షూలర్‌దే. 1970ల మధ్యనాటికి న్యూట్రా మందిరం జనానికి చాలక ఆదివారం పలుమార్లు ఆరాధనలు జరపవలసి వచ్చింది. న్యూట్రా 1970లో మరణించడంతో షూలర్ న్యూయార్క్‌లోని వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్‌ను ఆశ్రయించారు. జాన్సన్ 1949లో తన కోసం నాలుగు పక్కలా గాజు గోడలున్న ఇల్లు కట్టుకుని పేరు తెచ్చుకున్నవారు. 1979లో ప్రిట్జ్‌కర్ వాస్తు బహుమతిని ప్రకటించినప్పుడు మొట్టమొదటి గ్రహీత ఆయనే. భాగస్వామి జాన్ బర్గీతో కలిసి ఆయన తెచ్చిన తొలి నమూనాలో గోడలు మామూలు గోడలే, పైకప్పు మాత్రం గాజు. షూలర్‌కు అది నచ్చలేదు. ఆకాశం కిందే ప్రసంగించి అలవాటుపడిన తనకు గోడలు కూడా గాజువే కావాలని పట్టుబట్టారు. చిరుతిళ్ల అంగడి డాబా మీద ప్రసంగించిన మనిషి ఆ కోరిక కోరడంలో ఆశ్చర్యం లేదు.

1980 సెప్టెంబరు 14న ప్రతిష్ఠించిన ఆ కట్టడం పొడవు 415 అడుగులు, వెడల్పు 207 అడుగులు, ఎత్తు 128 అడుగులు. పై నుంచి చూస్తే రెండు పక్కలకూ సాగదీసిన నాలుగు కొమ్మల నక్షత్రంలా ఉంటుంది. అప్పట్లో సుమారు 2,700 మంది కూర్చోగలిగేవారు. అంత పెద్ద మందిరంలో చూపుకు అడ్డొచ్చే స్తంభాలు లేవు. తెల్లని రంగు వేసిన ఉక్కు గొట్టాలను సాలెగూడులా అల్లి, ఆ అల్లిక మీద 10,000కు పైగా గాజు పలకలు బిగించారు. గాజుకు అద్దంలా మెరిసే పూత ఉండడంతో వెలుతురులో కొద్ది భాగమే లోపలికి వస్తుంది. బయటి నుంచి చూసేవారికి ఆకాశమూ మేఘాలూ ఆ గోడల మీద ప్రతిబింబిస్తాయి. ప్రసంగ వేదిక వెనుక 90 అడుగుల ఎత్తున్న రెండు తలుపులు విద్యుత్తుతో తెరుచుకునేవి. అవి తెరుచుకోగానే బయట కార్లలో ఉన్నవారికి కాపరి కనిపించేవారు. ఇరవై అయిదేళ్ల తరువాత, ఇంతటి కట్టడంలో కూడా, కారు దిగనివారికి చోటు ఉంచారు.

భూకంపాలు వచ్చే ప్రాంతంలో గాజు మందిరం ఎలా నిలబడుతుంది?

గాజు పలకలను మరలతో గట్టిగా బిగించలేదు. ఉక్కు చట్రాలకు సిలికాన్ జిగురుతో అతికించారు. సిలికాన్ ఎండిన తరువాత కూడా రబ్బరులా సాగుతుంది. భూమి కంపించినప్పుడు ఉక్కు అల్లిక ఒక పక్కకు ఒరిగితే జిగురు ఆ కదలికను తనలో ఇముడ్చుకుంటుంది, గాజు మీద ఒత్తిడి పడదు. రిక్టర్ కొలత మీద 8 తీవ్రతను తట్టుకునేలా రూపొందించామని నిర్మాతలు చెప్పారు. గాలి కోసం కొన్ని పలకలను తెరిచే ఏర్పాటు చేశారు. ఎయిర్ కండిషనింగ్ లేకుండా సహజమైన గాలితోనే నడవాలన్నది తొలి ఉద్దేశం. వేసవి ఎండలో అది ఎప్పుడూ సరిపోలేదు. పాట, మాట ప్రతిధ్వనించడం మరో ఇబ్బంది. ఈ రెండు లోపాలనూ మూడు దశాబ్దాల తరువాత కొత్త యజమానులు సరిదిద్దవలసి వచ్చింది.

దానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

మొదట 70 లక్షల డాలర్లతో అయిపోతుందనుకున్నారు. పూర్తయ్యేటప్పటికి సుమారు 1.8 కోట్ల డాలర్లయింది. ఒక దాత 10 లక్షల డాలర్లిచ్చి పని మొదలుపెట్టించారు. ఆ తరువాత ప్రతి గాజు పలకకూ 500 డాలర్ల చొప్పున దాతలను ఆహ్వానించారు. టీవీ ప్రేక్షకులు వేలాదిగా స్పందించారు. మన ఊళ్లలో మందిరానికి ఒకరు ఫ్యాను, ఒకరు బల్ల, ఒకరు గంట ఇచ్చి వాటి మీద పేరు రాయించుకోవడం లాంటిదే ఇది, కాకపోతే కొలత వేరు. అప్పు లేకుండా ప్రతిష్ఠించామని సంఘం అప్పుడు సగర్వంగా ప్రకటించింది. ఈ సంగతిని తరువాతి సంఘటనలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి.

బిషప్ లేని ప్రొటెస్టంట్ మందిరాన్ని కథెడ్రల్ అనవచ్చా?

శాస్త్ర ప్రకారం అనకూడదు. బిషప్ పీఠం ఉన్న ప్రధాన దేవాలయాన్నే కథెడ్రల్ అంటారు. రిఫార్మ్‌డ్ శాఖలో ఆ పదవే లేదు. షూలర్ ఆ మాటను గొప్పదైన ఆరాధనాలయం అనే అర్థంలో వాడారు. విచిత్రంగా, 2012 తరువాత ఆ మాట అక్షరాలా నిజమైంది.

తరువాత చేరిన కట్టడాలు ఏవి?

1982లో సుమారు 16,000 గొట్టాలున్న పైపు ఆర్గన్‌ను ప్రతిష్ఠించారు. ప్రపంచంలోని అతి పెద్ద ఆర్గన్లలో ఇదొకటి. ఇటలీలోని పాడువాకు చెందిన రుఫాట్టి సోదరుల సంస్థ నిర్మించింది. 1990లో జాన్సన్ రూపొందించిన గంటల గోపురం వచ్చింది. 236 అడుగుల ఎత్తున, అద్దంలా నునుపు చేసిన స్టీలు పట్టకాలను కట్టగట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. అందులోని 52 గంటల వాద్యానికి అర్వెల్లా షూలర్ పేరు పెట్టారు. సందర్శకుల భవనాన్ని 2003లో రిచర్డ్ మయర్ రూపొందించారు. ఈ విధంగా న్యూట్రా, జాన్సన్, మయర్ అనే ముగ్గురు మహాశిల్పుల పని ఒకే సంఘపు ఆవరణలో పక్కపక్కన నిలిచింది. ఇలాంటిది ప్రపంచంలో చాలా అరుదు.

ఇతర శివారు సంఘాల మీద దీని ప్రభావం ఉందా?

చాలా ఉంది. షూలర్ 1970లో కాపరులకు శిక్షణ ఇచ్చే సంస్థను ప్రారంభించారు. షికాగో శివారులో 1975లో విల్లో క్రీక్ సంఘాన్ని స్థాపించిన బిల్ హైబెల్స్, ఇదే ఆరెంజ్ కౌంటీలో 1980లో సాడిల్‌బ్యాక్ సంఘాన్ని స్థాపించిన రిక్ వారెన్ అక్కడి తరగతులకు వచ్చినవారే. షూలర్ ఆ తరగతుల్లో దుకాణాల నిర్వహణ సూత్రాలను సంఘాలకు అన్వయించి చెప్పేవారు. మందిరానికి చేరే దారి సులభంగా ఉండాలి, అవసరానికి మించి కార్లు నిలిపే చోటుండాలి, అందరి కంటికీ కనపడాలి, రకరకాల సేవలు అందాలి అన్నవి వాటిలో కొన్ని. వేదాంత పండితులు కొందరు ఇది వాక్యాన్ని వ్యాపారంగా మార్చడమేనని విమర్శించారు. పాపం, పశ్చాత్తాపం వంటి మాటలు ఆయన ప్రసంగాల్లో పలచబడ్డాయన్న విమర్శలో కొంత నిజముందని నేనూ ఒప్పుకుంటాను. కానీ కారు నిలిపే చోటు గురించి ఆలోచించడం తప్పేమీ కాదు. ఇవాళ హైదరాబాదు శివారుల్లో పెరిగిన పెద్ద సంఘాల పెద్దలను అడిగినా, ఆదివారం తమకు మొదటి చింత పార్కింగేనని చెబుతారు.

ఇంత పెద్ద సంఘం దివాలా ఎలా తీసింది?

ఒక్క కారణం కాదు. సుమారు 10,000 మంది సభ్యులున్న ఆ సంఘం స్థాపకుడి వ్యక్తిత్వం చుట్టూ అల్లుకుంది. 2006లో కుమారుడు రాబర్ట్ ఎ. షూలర్ కాపరి బాధ్యత తీసుకున్నారు. తండ్రికీ కొడుకుకీ మధ్య అభిప్రాయ భేదాలు వచ్చి, 2008 అక్టోబరులో ఆయనను టీవీ కార్యక్రమం నుంచి తప్పించారు. మరుసటి నెలలో ఆయన పదవి వదిలేశారు. తరువాత కుమార్తె షీలా షూలర్ కోల్‌మన్ నాయకత్వం వహించారు. అదే సమయంలో అమెరికా ఆర్థిక మాంద్యంలో పడింది, టీవీ ద్వారా వచ్చే కానుకలు బాగా తగ్గాయి. భవనాల నిర్వహణ, ప్రసార ఖర్చు మాత్రం తగ్గలేదు.

2010 అక్టోబరు 18న సంఘం కోర్టులో దివాలా రక్షణ కోరింది. అప్పు 4.3 కోట్ల డాలర్లు దాటింది. అందులో సుమారు 3.6 కోట్లు ఆస్తుల తనఖా మీద తీసుకున్నది. మిగిలినది చిన్నచిన్న సరఫరాదారులకు చెల్లించవలసినది. ఏటా క్రిస్మస్‌కు ఈ మందిరంలో బేత్లెహేము దృశ్యాన్ని ఒంటెలు, గొర్రెలు, గాలిలో తేలే దేవదూతలతో ప్రదర్శించేవారు. ఆ జంతువులను తెచ్చినవారు కూడా బాకీలు రావలసినవారి జాబితాలో ఉన్నారు. యేసు జననాన్ని చూపడానికి ఒంటెను తోలుకొచ్చిన మనిషికి కూలి ఇవ్వలేకపోవడం నాకు ఆ కోట్ల అంకెలకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1980లో అప్పు లేకుండా నిలబెట్టిన మందిరం ముప్పై ఏళ్లకు అప్పుల వల్ల చేజారింది. కట్టడానికి కానుక ఇచ్చేవారు దొరుకుతారు. దీపాలకు, మరమ్మతులకు, జీతాలకు ఏటేటా ఇచ్చేవారు దొరకడం కష్టమన్నది సంఘ పెద్దలందరికీ తెలిసినదే, కానీ కొత్త పునాదిరాయి వేసే ఉత్సాహంలో దాన్ని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ.

దాన్ని కతోలికులు ఎందుకు కొన్నారు?

ఆరెంజ్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ ఆధీనంలో ఉండే కతోలిక ప్రాంతం, 1976లో ఏర్పడింది. పది లక్షలకు మించిన విశ్వాసులున్న ఆ మేత్రాసనానికి ఉన్న ప్రధాన దేవాలయం చాలా చిన్నది. శాంటా అనా నగరంలో కొత్తది కట్టాలని స్థలం కూడా చూసుకున్నారు గానీ దానికయ్యే ఖర్చు మరీ ఎక్కువ. ఇంతలో గార్డెన్ గ్రోవ్ ఆవరణ అమ్మకానికి వచ్చింది. పక్కనే ఉన్న చాప్మన్ విశ్వవిద్యాలయం కూడా పోటీపడింది. చివరికి 2011 నవంబరు 17న కోర్టు 5.75 కోట్ల డాలర్లకు మేత్రాసనానికి అమ్మడాన్ని ఆమోదించింది. 2012 ఫిబ్రవరిలో కొనుగోలు పూర్తయింది. ఆ స్థలం ఆరాధనకే మిగలాలన్న కోరిక షూలర్ నిర్ణయంలో ప్రధానంగా పనిచేసింది. విశ్వాసంలో తేడాలున్నా తన మందిరం తరగతి గదులుగా మారడంకన్నా దివ్యపూజ జరిగే చోటు కావడమే ఆయనకు నయమనిపించింది. ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

కొత్త యజమానులు లోపల ఏం మార్చారు?

బయటి గాజు రూపాన్ని చెక్కుచెదరనివ్వలేదు. లోపలి మార్పు మాత్రం పెద్దది, ఎందుకంటే ప్రసంగం కేంద్రంగా కట్టిన మందిరాన్ని దివ్య సత్ప్రసాదం (పూజలో రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం) కేంద్రంగా మలచాలి. ప్రసంగ వేదిక ఒక కొసన ఉండే పద్ధతి పోయి, బలిపీఠం మధ్యకు వచ్చింది. విశ్వాసుల బల్లలు దాని చుట్టూ చేరాయి. జాన్సన్ ఫెయిన్ అనే వాస్తు సంస్థ ఈ పని చేసింది. ఎండ, వేడి, ప్రతిధ్వని తగ్గించడానికి గాజు పలకల లోపలి వైపున 11,000కు పైగా తెల్లని నాలుగు రేకుల తెరలు అమర్చారు. ఒక్కొక్క దాని రేకులు ఎంత తెరుచుకోవాలో ఆ చోట సూర్యకాంతి పడే కోణాన్ని బట్టి లెక్కగట్టి నిర్ణయించారు. అందువల్ల గోడ ఒక చోట విచ్చిన పూవులా, మరో చోట ముడుచుకున్న మొగ్గలా కనిపిస్తుంది. ఈ మార్పులకు 7.7 కోట్ల డాలర్లయింది, అంటే కొన్న ధరకన్నా ఎక్కువ.

క్రైస్ట్ కథెడ్రల్ అనే కొత్త పేరుతో 2019 జులై 17న బిషప్ కెవిన్ వాన్ దీన్ని ప్రతిష్ఠించారు. పని జరుగుతున్న ఆ ఏళ్లలో విచారణ (స్థానిక కతోలిక సంఘం) ప్రజలు పూజలకు న్యూట్రా కట్టిన పాత మందిరాన్నే వాడుకున్నారు. ఆర్గన్‌ను విడదీసి ఇటలీకి పంపి బాగుచేయించి మళ్లీ తెచ్చి అమర్చారు.

మొదటి సంఘం ఇప్పుడు ఉందా?

ఉంది. 2013 జూన్‌లో ఆ సంఘం గాజు మందిరాన్ని ఖాళీ చేసి, దగ్గరలోని సెయింట్ కలిస్టస్ అనే కతోలిక దేవాలయ భవనానికి మారింది. ఆ విచారణవారు ఈ ఆవరణకు వచ్చారు. అంటే రెండు సంఘాలు ఒకరి మందిరంలోకి ఒకరు మారినట్టయింది. షెపర్డ్స్ గ్రోవ్ అనే పేరుతో, షూలర్ మనుమడు బాబీ షూలర్ కాపరిగా కొనసాగి, 2018లో ఇర్వైన్‌కు తరలింది. టీవీ కార్యక్రమం కూడా కొనసాగింది. గాజు లేకపోయినా సంఘం చెదిరిపోలేదన్నది గమనించదగినది.

తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధం ఏమైనా ఉందా?

నేరుగా కాదు గానీ, ఒక పాత బంధుత్వం ఉంది. షూలర్‌ను పంపిన రిఫార్మ్‌డ్ చర్చ్ ఇన్ అమెరికాయే పంతొమ్మిదో శతాబ్దంలో ఆర్కాటు మిషన్‌ను నడిపింది. మదనపల్లెలో వైద్యుడిగా, మిషనరీగా పనిచేసి, తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్న జేకబ్ చాంబర్లేన్ ఈ శాఖవారే. వెల్లూరు వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడర్ కుటుంబం కూడా ఇదే శాఖకు చెందినది. ఆ మిషన్ పెంచిన సంఘాలు తరువాత దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రిని చూసినవారికీ, గార్డెన్ గ్రోవ్ గాజు మందిరాన్ని చూసినవారికీ ఆ రెండూ ఒకే ఇంటి బిడ్డలని తోచకపోవచ్చు.

ఇప్పుడు ఆ ఆవరణలో ఏమేం చూడవచ్చు?

గాజు మందిరం, న్యూట్రా మందిరం, ఆశా గోపురం, గంటల గోపురం, మయర్ భవనం అన్నీ నిలిచే ఉన్నాయి. 1975 తరువాత గార్డెన్ గ్రోవ్, వెస్ట్‌మిన్‌స్టర్ ప్రాంతానికి పెద్ద సంఖ్యలో వియత్నాం శరణార్థులు వచ్చి స్థిరపడ్డారు. అందుకని ఇక్కడ ఇంగ్లీషు, స్పానిష్‌తో పాటు వియత్నాం భాషలోనూ పూజలు జరుగుతాయి. వియత్నాం కతోలికులు ఎంతో భక్తితో కొలిచే లావాంగ్ మాత పుణ్యక్షేత్రాన్ని 2021లో ఇదే ఆవరణలో ప్రతిష్ఠించారు. అక్కడే ఉన్న స్మారక ఉద్యానంలో, 2014లో మరణించిన అర్వెల్లా, 2015 ఏప్రిల్ 2న మరణించిన రాబర్ట్ షూలర్ సమాధులు ఉన్నాయి. ఆస్తి చేతులు మారినా ఆ సమాధులు అక్కడే, గాజు మందిరం పక్కనే ఉన్నాయి.